వాడని కొత్తిమీర

దేవమణి వేలి మీది గాటు పద్దెనిమిది రోజులైనా మానలేదు.

చీము పట్టలేదు. వాపు లేదు. పక్కు కట్టలేదు. గుమ్మడికాయ కోస్తుంటే కత్తి జారి తెగిన రోజున ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. అంచులు ఎర్రగా, లోపల తడిగా. కట్టు మార్చడానికి దూది తీసిన రత్నావళి ఆ వేలిని వెలుతురుకేసి తిప్పి చూసింది.

"షుగరు చూపించుకున్నావా?"

"చూపించుకున్నానండి. లేదన్నారు. కడుపుతో ఉన్నావు కదా, రక్తం తక్కువేమో అని బిళ్ళలిచ్చారు." దేవమణి నవ్వబోయి ఆగింది. "నొప్పి కూడా కొత్తగానే ఉందండి. రోజూ పొద్దున్న ఇప్పుడే తెగినట్టుంటది."

రత్నావళి కట్టు కట్టేసింది. ఆ చివరి మాట ఆమెకు రోజంతా చెవిలో వినబడుతూనే ఉంది.

కాకినాడలో ఆ కాలనీకి ఇరవై రెండేళ్ళుగా సరుకులంటే రత్నావళి సూపర్ బజారే. భర్త పోయాక కూడా ఆవిడ దాన్ని ఒంటిచేత్తో నడిపింది. ఆ జూన్ మొదటి తేదీన పాత బోర్డు దించి 'తాజావనం' అని ఆకుపచ్చ బోర్డు ఎక్కిస్తుంటే, కాలనీ వాళ్ళు రోడ్డు మీద నిలబడి చూశారు. కొట్టు ఒక పెద్ద కంపెనీ చేతికి వెళ్ళింది. దేవమణితో సహా ఉన్న తొమ్మిదిమంది పనివాళ్ళనూ తియ్యకూడదన్న ఒక్క షరతు పెట్టి, అదే కొట్టులో రత్నావళి మేనేజరుగా మిగిలింది.

ఆవిడ చేత ఆ పని చేయించింది తమ్ముడు చంద్రమౌళి. సామర్లకోట రోడ్డులో ఆ కంపెనీ వాళ్ళే పెట్టించిన ప్రయోగశాలలో పదకొండేళ్ళుగా ఒకటే పని మీద కూర్చున్నాడు. మే నెలలో ఒక ఆదివారం రెండు కొత్తిమీర కట్టలు పట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. ఒకటి వడలి తల వేలాడేసింది. రెండోది మంచులో తడిసినట్టు ఉంది.

"ఏది కొత్తదో చెప్పక్కా."

"కనబడట్లా? ఇదే."

"అది ఇరవై రెండు రోజుల కిందటిది. వడిలింది ఇవాళ పొద్దున్న రైతుబజార్లో కొన్నది."

"ఏం మందు కొట్టావురా?"

"మందు కాదు, మోత. మన చెవికి అందనంత మంద్రంగా ఉంటది. ఆకులో, కాయలో ఉండే ప్రతి కణమూ పెరుగుతుంది, పండుతుంది, కుళ్ళుతుంది. ఈ మోత తగిలిందంటే ఉన్నచోటే ఆగిపోద్ది. చచ్చిపోదు, నిద్రపోతుందంతే. బయటికి తీసిన రెండో రోజుకి మళ్ళీ మేలుకుంటుంది." చంద్రమౌళి కళ్ళు మెరుస్తున్నాయి. "రోడ్డు మీద టమాటాలు పారబోసి రైతు ఏడవాల్సిన పన్లేదక్కా ఇక. మొదటి కొట్టు కావాలంటన్నారు. నీదైతే నేను దగ్గరుండి చూసుకుంటా."

అక్క తమ్ముడి ముఖం చూసింది. అంతకు మించి ఏమీ చూడలేదు.

కొట్టు పైకప్పుకు నలభై రెండు బూడిదరంగు పలకలు బిగించారు. వాటిని నడిపే పెట్టె వెనక సరుకుల గదిలో ఉంది. దాని మీద సున్నా నుంచి నలభై దాకా గీతలున్న ఒక మీట. దాన్ని నలభై దగ్గర పెట్టి వెళ్ళారు. మొదటి రోజు పళ్ళ చిగుళ్ళలో కాస్త జివ్వుమన్నట్టు అనిపించింది అందరికీ. రెండో రోజుకి అలవాటైపోయింది.

*

మొదటి నెలంతా మెచ్చుకోళ్ళే. తోటకూర వారమైనా నవనవలాడుతోంది. అరటిపళ్ళకు మచ్చ రాదు. బంగాళాదుంపకు మొలక రాదు. ఒక్కటే ఫిర్యాదు, దోసెల పిండి పొంగట్లేదని. "మూడో రోజుకి గానీ పులవట్లేదండి మీ పిండి, ఏం కలుపుతున్నారు?" అని ఒకావిడ దెబ్బలాడింది. దేవమణి పొద్దున్నే కొట్లో స్టీలు గిన్నెలో పాలు తోడేస్తే సాయంత్రానికి పాలుగానే ఉండేవి. అందరూ నవ్వుకున్నారు.

ఆగస్టులో ఒక శుక్రవారం ఉదయం రత్నావళి తలకు రంగేసుకుందామని అద్దం ముందు నిలబడి పాపిట తీసింది. ఇరవై రోజులకోసారి పాపిట పొడుగునా తెల్లని గీత లేస్తుంది ఆమెకు. కొట్టు చేతులు మారిన హడావుడిలో రంగు సంగతే మరిచిపోయింది. లెక్కన ఈపాటికి అంగుళం తెలుపు కనబడాలి.

లేదు. జూన్‌లో వేసిన నలుపు కుదుళ్ళ దాకా అలాగే ఉంది.

ఒక్క క్షణం సంతోషించింది. తర్వాత తన గోళ్ళకేసి చూసుకుంది. చివరిసారి ఎప్పుడు కత్తిరించుకుందో గుర్తు చేసుకోబోయింది. రాలేదు. అప్పుడు దేవమణి వేలు గుర్తొచ్చింది. రంగు డబ్బా చేతిలోంచి జారింది. రత్నావళి స్నానాలగది పీట మీద కూలబడి, చల్లబడిన చేతుల్ని చీర కొంగులో దాచుకుంది.

కొట్టుకు వెళ్ళగానే అందర్నీ పిలిచి అడిగింది. "గోళ్ళెప్పుడు కత్తిరించుకున్నారర్రా మీరంతా?"

నవ్వారు. తర్వాత ఒకరి చేతులు ఒకరు చూసుకుని నవ్వడం మానేశారు.

గేటు దగ్గరుండే ముత్యాలు గడ్డం తడుముకున్నాడు. "నేను గడ్డం గీసుకుని రెండు నెల్లయిందండి. వయసు మీద పడతంది కదా, ఎదుగుదల తగ్గిందేమో అనుకున్నా. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం కూడా వస్తందండి."

కూరల పక్కన కుర్చీలో కూర్చున్న కోటిలింగం మాస్టారు ఇదంతా విన్నారు. ఆయన మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. కుడి చెవి కింద నిమ్మకాయంత గడ్డ. అదేమిటో కాలనీలో అందరికీ తెలుసు. ఎండ పడట్లేదని, కాసేపు ఏసీలో కూర్చుంటానని రోజూ వచ్చేవారు. ఆ కాసేపు పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అయింది. ఎవరూ ఏమీ అనలేదు.

అందరూ పనుల్లోకి వెళ్ళాక ఆయన రత్నావళిని దగ్గరికి పిలిచారు. జేబులోంచి ఒక డ్రాయింగు కాగితం మడత తీశారు. దాని మీద వరసగా చిన్న చిన్న గీతలు.

"డివైడరుతో కొలుచుకుంటన్నానమ్మా. ఏప్రిల్, మే నెలల్లో చూడు, వారానికో గీత పెరిగింది. ఇదిగో జూన్ రెండో వారం. అక్కణ్ణుంచి అన్నీ ఒకటే." ఆయన కాగితం మళ్ళీ మడిచారు. "దీపావళి చూడనన్నారు డాక్టర్లు. నీ కొట్లో ఏదో ఉందమ్మా రత్నావళీ. అదేంటో నేనడగను. నన్నిక్కడ కూర్చోనియ్యి, చాలు."

రత్నావళి తలెత్తి పైనున్న పలకలకేసి చూసింది. 

ఆ మధ్యాహ్నం దేవమణి స్కానింగుకు వెళ్ళింది. ఆరో నెల నడుస్తోంది. ఐదో నెలలో తీసినప్పుడే బిడ్డ చిన్నగా ఉందని, తేదీ తప్పు చెప్పావేమోనని అన్నారు. భర్త శామ్యూల్ ఆటోలో దింపి వెళితే ఆమె తిన్నగా లోపలికి వచ్చి, కూరగాయల తక్కెడ పక్కన నిలబడిపోయింది. చేతిలో రెండు కవర్లు ఉన్నాయి.

"నెల కిందటి బొమ్మా, ఇవాళ్టి బొమ్మా పక్కపక్కన పెట్టి చూపించారండి. రెండూ ఒకటే బొమ్మ. గుండె కొట్టుకుంటందంట. కానీ నాలుగో నెల దగ్గరే ఆగిపోయిందంట. చదువుకున్న పుస్తకాల్లో ఇలాంటిది లేదంట ఆవిడకి." ఆమె కవర్లను పొట్టకు అదుముకుంది. "మొదటి కాన్పు కదా, కదిలినా నాకే తెలీట్లేదేమో అనుకున్నానండి. కదల్లేదండి. ఒక్కసారి కూడా."

నాలుగో నెల అంటే జూన్ మొదటి వారం. రత్నావళికి వేళ్ళు మడిచి లెక్కపెట్టాల్సిన అవసరం లేకపోయింది.

*

ప్రయోగశాలలో చంద్రమౌళి ఆమె చెప్పింది చివరి దాకా విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. అది రత్నావళిని మరీ భయపెట్టింది. తెలియని విషయమైతే వాడు ప్రశ్నలడిగేవాడు.

"మౌళీ, నీకు ముందే తెలుసా?"

అతను లేచి బీరువాలోంచి ఒక నోటు పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాడు. "పలకల పక్క గదిలో ఎలుకలుండేవక్కా. వేరే వాళ్ళవి, వేరే పనికి తెచ్చినవి. కడుపుతో ఉన్న ఎలుకలు మూడు. ఎలుక మూడు వారాలకి ఈనుతుంది. ఇవి డెబ్భై రోజులు మోశాయి."

పేజీ చివర అతని చేతిరాతలో 'తర్వాత చూడాలి' అని ఉంది.

"నాది కూరగాయల పని, ఎలుకలు నా పని కాదనుకున్నా. ఆ మాట రాసి పేజీ తిప్పేశా." అతను అక్క ముఖంలోకి చూడలేకపోయాడు. "అక్కా, మన ఒంట్లో రక్తం కూడా రోజూ కొత్తగా పుట్టాలి. అది కూడా తగ్గిపోతుంటుంది. ముత్యాలు ఆయాసం అదే."

"రేపే ఆపేద్దాం. ఇప్పుడే ఫోన్ చేసి ఆపించేస్తా."

"వద్దు!" అతను అరిచినంత పని చేశాడు. "పెద్దవాళ్ళకేం కాదు, జ్వరమొచ్చి తగ్గిపోతుంది. కడుపులో బిడ్డ సంగతి వేరు. అక్కడ ప్రతి కణమూ తన వంతు కోసం కాచుకుని ఉంటది. ఒక్కసారిగా ఆపితే రెండు రోజులకి అన్నీ ఒకేసారి లేస్తాయి, వంతు లేకుండా. రెండు ఎలుకలకి అదే జరిగింది."

"ఏం జరిగింది?"

"లోపలే పోయాయి. తల్లులు కూడా."

రత్నావళి నోటు పుస్తకం మూసేసింది. 

"మూడోది?"

"దాని బోను పక్కనున్న పలక పాడైంది. మోత రోజుకి కాస్త చొప్పున తగ్గుతూ పదహారు రోజులకి ఆగిపోయింది. ఆ ఎలుక ఐదు పిల్లల్ని పెట్టింది. అన్నీ బతికాయి."

"ఒక్క ఎలుక."

"ఒక్కటే అక్కా."

"అంటే దేవమణి ఇంకా అక్కడే కూర్చోవాలి. ఆ పలకల కిందే."

"పదహారు రోజులు. రోజుకి రెండున్నర గీతలు తగ్గిస్తాను. అంతకన్నా నాకేమీ తెలీదు."

ఆమె ముందే అతను కంపెనీకి ఫోన్ చేసి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు.  అంతా విని అవతలివాళ్ళు ఫోన్ పెట్టేశారు.

ఆ సాయంత్రం దేవమణికీ శామ్యూల్‌కీ ఉన్నదున్నట్టు చెప్పింది రత్నావళి. శామ్యూల్ గోడకానుకుని నిలబడి ఏడ్చాడు. దేవమణి ఏడవలేదు. "ఆ ఎలుక ఇప్పుడెలా ఉందండి?" అని అడిగింది. బాగానే ఉందని పక్కనే ఉన్న చంద్రమౌళి చెప్పాడు. "సరేనండి, కూర్చుంటా," అంది.

*

మర్నాడు తొమ్మిది గంటలకి కంపెనీ వ్యాను వచ్చింది. నలుగురు పనివాళ్ళు నిచ్చెనలు దించారు. వెనకే కిరీటి దిగాడు. ఈ జిల్లాల కొట్లన్నీ చూసే అధికారి అతనే. ఎప్పుడూ ఇస్త్రీ నలగనివాడు, ఇవాళ చెమటతో తడిసి ఉన్నాడు.

"మేడం, పైవాళ్ళు వణికిపోతన్నారు. సాయంత్రానికల్లా ఈ పలకలు ఇక్కడ ఉన్న ఆనవాలు కూడా ఉండకూడదన్నారు. అందర్నీ బయటికి పంపించెయ్యండి."

నిన్న మధ్యాహ్నం దాకా ఆ పలకల్ని తన చేతుల్తో పీకి రోడ్డు మీద పారెయ్యాలనుకుంది రత్నావళి. ఇప్పుడు వెళ్ళి నిచ్చెనకు అడ్డంగా నిలబడింది. 

"పదహారు రోజులాగండి."

"లేదు మేడం. ఈ కొట్టు ఇప్పుడు మీది కాదు."

"కాదు. ఆ బిడ్డ కూడా నాది కాదు. అయినా నేను జరగను."

ఒక పనివాడు ఆమెను తప్పించుకుని ఇంకో నిచ్చెన తెరిచి, రెండు మెట్లెక్కాడు. అప్పుడు దేవమణి తన కుర్చీ లాక్కొచ్చి సరిగ్గా ఆ నిచ్చెన కింద వేసుకుని కూర్చుంది. తలెత్తి వాడి కేసి చూసింది.

"ఎక్కన్నా. నీ పేరు చెప్పి ఎక్కు. నా బిడ్డ పోతే ఎవరు తీశారో మా ఆయనకి చెప్పాలి కదా."

వాడు పైకీ వెళ్ళలేదు, కిందికీ దిగలేదు. కాసేపలా ఉండి, దిగి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. మిగతా ముగ్గురూ వాడి వెనకే నడిచారు.

కిరీటి చాలాసేపు ఫోన్లో మాట్లాడి వచ్చాడు. దేవమణి చేత నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. షట్టరు సగం దింపుతూ, తలొంచుకుని, "మా ఇంట్లో కూడా మూడో నెలండి," అని మెల్లగా అన్నాడు. 'మరమ్మతుల కారణంగా మూసివేయడమైనది' అన్న అట్ట తగిలించి వెళ్ళిపోయాడు.

*

పనివాళ్ళందరినీ ఇళ్ళకు పంపేశారు. మూడు రోజులు జ్వరాలొచ్చి తగ్గాయని, ముత్యాలు గడ్డం మళ్ళీ మొలుస్తోందని కబురు తెలిసింది. లోపల దేవమణి, రత్నావళి, చంద్రమౌళి. దేవమణి తొమ్మిదికి వచ్చేది, ఆరింటికి శామ్యూల్ ఆటోలో ఇంటికి వెళ్ళేది. చంద్రమౌళి పొద్దున్నే మీట తిప్పి, గంటకోసారి ఆమె పొట్ట మీద చిన్న యంత్రం ఆనించి గుండె చప్పుడు వినేవాడు. 

కోటిలింగం మాస్టారు వెనక తలుపు తట్టినప్పుడు వెళ్ళిపొమ్మనడానికి రత్నావళికి నోరు రాలేదు. ఏం చేస్తున్నారో చంద్రమౌళి ఆయనకు వివరంగా చెప్పాడు. ఇక్కడే కూర్చుంటే గడ్డ కన్నా ముందు రక్తం అయిపోతుందని కూడా చెప్పాడు.

"రెండింట్లో ఏది నొప్పి తక్కువ బాబూ?" అనడిగారు మాస్టారు.  ఆయన తన కుర్చీలో తన చోట కూర్చున్నారు.

మీట తగ్గేకొద్దీ కొట్లో ఉన్న సరుకంతా లేవడం మొదలుపెట్టింది. ఐదో రోజున దోసెల పిండి ప్యాకెట్లు ఉబ్బి ఒకటొకటిగా పగిలాయి. ఆరో రోజున బంగాళాదుంపలకు మొలకలొచ్చాయి. ఏడో రోజున దేవమణి పైకి నిగనిగలాడుతున్న ఒక టమాటా చేతిలోకి తీసుకుంటే అది వేళ్ళ మధ్య నుంచి నల్లటి నీళ్ళలా కారిపోయింది. లోపలంతా ఎప్పుడు కుళ్ళిందో తెలియదు.

ఆమె చెయ్యి తుడుచుకోలేదు. అలాగే చూస్తూ ఉండిపోయింది. "నా లోపల కూడా ఇలాగేనా అండి?"

"కాదు," అన్నాడు చంద్రమౌళి. కానీ అతనికీ తెలియదని ఆమెకు తెలుసు. రత్నావళి టమాటాలన్నీ సంచుల్లోకి ఎత్తి వెనక సందులో పారబోసింది. వాసన మాత్రం పోలేదు. ఆ రోజు నుంచి దేవమణి అన్నం ముట్టుకోవడానికి భయపడేది. రత్నావళి కలిపి ముద్దలు పెడితే కళ్ళు మూసుకుని మింగేది.

పదో రోజు, మధ్యాహ్నం మూడు గంటలకి, దేవమణి "అమ్మో" అంది.

ఇద్దరూ పరిగెత్తారు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఏదో వింటున్నట్టు కూర్చుంది. "కదిలిందండి. చేప తోకాడించినట్టు. ఇక్కడ."

చంద్రమౌళి నేల మీద కూర్చుని రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కోటిలింగం మాస్టారు కూడా నవ్వారు. అయితే ఆయన చెయ్యి తన చెవి కింద ఉంది.

పదమూడో రోజు పొద్దున దేవమణి తొమ్మిది కాకముందే వచ్చింది. "నిన్న సాయంత్రం నుంచి కదల్లేదండి." యంత్రంలో గుండె చప్పుడు దొరికింది కానీ, బాగా నెమ్మదించింది. మొదటి రోజులాగా. చంద్రమౌళి సరుకుల గదిలోకి పరిగెత్తాడు. రత్నావళికి లోపల్నుంచి అతని కేక వినబడింది.

మీట పది గీతల దగ్గర ఉండాలి. ముప్ఫై రెండు దగ్గర ఉంది.

ఆ గదిలోకి వెళ్ళగలిగినవాళ్ళు ఇంకొక్కరే. రత్నావళి ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"మాస్టారూ, మీరేనా?"

ఆయన కాదనలేదు. ఒళ్ళో ఉన్న డ్రాయింగు కాగితం ఆమెకేసి చాపారు.  "నిన్న మధ్యాహ్నం కొలిస్తే ఒక గీత పెరిగిందమ్మా. అప్పుడే వెళ్ళి తిప్పేశాను. తప్పని తెలుసు. భయమేసింది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి... భయమేసిందమ్మా."

దేవమణి లేచింది. ఆయన గొడుగు, సంచి తీసి చేతికిచ్చింది. గొంతు పెంచలేదు.

"వెళ్ళండి మాస్టారూ. ఇంక రాకండి."

ఆయన వెళ్ళాక వెనక తలుపు గడియ తానే వేసింది. తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"సగం మేలుకున్నదాన్ని మళ్ళీ నిద్రపుచ్చితే ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదక్కా," అన్నాడు చంద్రమౌళి రత్నావళితో, దేవమణికి వినబడకుండా. ఉన్నచోటి నుంచే మళ్ళీ తగ్గించడం మొదలుపెట్టాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా. గది తాళం చెవి మెడలో వేసుకున్నాడు. కిరీటికి ఫోన్ చేసి ఇంకా రెండు వారాలు కావాలన్నాడు. కిరీటి కారణం అడగలేదు.

రెండు రోజులు కదలిక లేదు.  మూడో రోజు సాయంత్రం ఇంటికి బయలుదేరుతూ దేవమణి గుమ్మంలో ఆగిపోయి, రత్నావళి చెయ్యి లాక్కుని తన పొట్టకు ఆనించుకుంది. చిన్న తోపు. అంతలోనే ఇంకోటి.

ఆ మర్నాడే రత్నావళి షట్టరు కింది సందులోంచి వచ్చే వెలుతురులో ఒక నీడ చూసింది. వంగి చూస్తే ఎవరో షట్టరుకు ఆనుకుని కూర్చున్నారు. గొడుగు పక్కన పడి ఉంది. ఎండలో కాలిన ఆ ఇనుప రేకుకు తల వంచి, కుడి చెవి కింద భాగాన్ని అదిమి పెట్టి కూర్చున్నారు కోటిలింగం మాస్టారు.

"మోత రేకు దాటి జానెడు దూరం వెళ్తుంది," అన్నాడు చంద్రమౌళి.  ఆయన అక్కడ ఉన్నారని తెలిసి తెలిసి మర్నాడు మీట తగ్గించాడు. ఆ మర్నాడు కూడా. ప్రతిసారీ చెయ్యి మీట మీద కాసేపు ఆగేది.

దేవమణి కూడా చూసింది. రెండు రోజులు చూడనట్టే ఉంది. మూడో రోజు మంచినీళ్ళ సీసా తీసుకెళ్ళి, కష్టపడి కూర్చుని, షట్టరు కింది సందులోంచి అవతలికి తోసింది. అవతలి నుంచి ఒక ముడతల చెయ్యి వచ్చి దాన్ని అందుకుంది.

*

సెప్టెంబరు పదిహేనున మీట సున్నాకు చేరింది. బిడ్డ పొద్దున్నించి తన్నుతూనే ఉంది. దేవమణిని శామ్యూల్ నడిపించుకుని వెళ్ళాడు. చంద్రమౌళి ఆ పెట్టె మూత ఊడదీసి, పదికిలోల తూకం రాయితో లోపలున్నదంతా నుగ్గు చేశాడు. తర్వాత ఆ రాయి పక్కనే కూర్చున్నాడు.

"కాగితాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయక్కా. నేను లేకపోయినా చెయ్యగలరు. కిరీటి చెప్పాడు, ఇంకో ఊళ్ళో ఇంకో కొట్టు చూస్తన్నారంట."

  రత్నావళి వెళ్ళి షట్టరు ఎత్తింది.

ఆనుకుని ఉన్న మాస్టారు వెనక్కి పడబోయి, చేతులానించి నిలదొక్కుకున్నారు. మెడ చర్మం కమిలి పొక్కులెక్కి ఉంది. గడ్డ పెద్దదైంది. అది తెలుసుకోవడానికి ఇప్పుడు డివైడరు అక్కర్లేదు. ఆయన కింద కూర్చునే తలెత్తి, లోపలి పైకప్పు మీద ఇంకా బిగించి ఉన్న బూడిదరంగు పలకల్ని చూశారు. తర్వాత రత్నావళిని చూశారు.

"ఆపేశారా అమ్మా?"

"లేదు మాస్టారూ," అంది రత్నావళి. "పనిచేస్తన్నాయి. లోపలికి రండి, ఎండగా ఉంది."

తన వెనక తమ్ముడు ఒక్కసారి ఊపిరి పీల్చుకోవడం ఆమెకు వినబడింది. అతను వచ్చి మాస్టారి చంకల కింద చేతులు వేసి లేపి, కుర్చీలో కూర్చోబెట్టాడు.

దేవమణికి ఫిబ్రవరిలో ఆడపిల్ల పుట్టింది. ఏడాది పాటు మోసి కన్న బిడ్డను చూడడానికి ఎక్కడెక్కణ్ణుంచో డాక్టర్లు వచ్చి వెళ్ళారు. మాస్టారు అప్పటికి లేరు. 'తాజావనం' వాళ్ళు కొట్టు వదిలేసి వెళ్ళిపోతే రత్నావళే మళ్ళీ తీసింది. పలకలు విప్పించడానికి మనుషులొస్తే కార్తీకం వెళ్ళాక రమ్మని పంపేసింది.

సెప్టెంబరు పదిహేను తర్వాత ఆయన యాభై రెండు రోజులు వచ్చారు. దీపావళి దాటింది. తొమ్మిదింటికి వచ్చి ఆ పలకల కింద కూర్చునేవారు. చివరి వారాల్లో రిక్షాలో తెచ్చి దింపేవారు. చుట్టూ కూరలు మామూలుగా వడలుతూనే ఉండేవి. ఆయన వాటికేసి చూసేవారు కాదు. సాయంత్రం ఆరింటికి లేస్తూ, రోజూ ఒకటే మాట అడిగేవారు.

"రేపు కూడా ఉంటుందా అమ్మా?"

"ఉంటుంది మాస్టారూ," అనేది రత్నావళి. "పొద్దున్నే వచ్చెయ్యండి."